నడిపి బిడ్డ పంచాయితీ: పోర్టిస్‌హెడ్ రెండో ఆల్బమ్ ఎందుకింత తగువైంది?

హాస్టల్లో మా సీనియర్ ఒకాయన దగ్గర ఒక సీడీ ఉండేది. ప్లేయర్‌లో పెట్టగానే లోపల్నుంచి కరకరమని శబ్దం. ఆయన సీడీ బయటికి తీసి, బనీను అంచుతో తుడిచి, మళ్లీ పెట్టాడు. మళ్లీ కరకర. మూడోసారి తుడుస్తుంటే పక్క మంచం మీదున్నవాడు లేచి కూర్చుని, "అన్నా, అది గీత కాదు, పాటే అంత" అన్నాడు. ఆ సీడీ పోర్టిస్‌హెడ్ అనే ఇంగ్లండ్ బృందం 1997లో తెచ్చిన రెండో ఆల్బమ్. ఆ రాత్రి గదిలో నలుగురం విన్నాం. నలుగురికీ నాలుగు అభిప్రాయాలు. అప్పటికి మాకు తెలీదు గానీ, ఆ ఆల్బమ్ విన్నవాళ్లందరి మధ్యా అదే గొడవ.

గొడవ ఏంటో ముందు చెప్తాను. ఒక వర్గం అంటుంది: "మొదటి ఆల్బమ్‌లో చేసిందే మళ్లీ చేశారు. అవే డ్రమ్ములు, అదే కరకర, అదే ఏడుపు." రెండో వర్గం అంటుంది: "మొదటిదానికీ దీనికీ పోలికే లేదు. అది ఎంత మెత్తగా ఉండేది! ఇది గోడకేసి గీరినట్టుంది, పట్టుమని పాడుకోడానికి ఒక ట్యూన్ కూడా లేదు." మూడో వర్గం చిన్నదే గానీ గట్టిది: "వాళ్లు చేసినవాటిలో అసలైంది ఇదే, మొదటిది దీనికి రిహార్సల్."

మూడోది అభిమానుల మాట, దాన్ని కాసేపు పక్కన పెడదాం. మొదటి రెండూ చూడండి. ఒకే ఆల్బమ్‌ని ఒకరు "అచ్చం అదే" అంటున్నారు, ఇంకొకరు "అస్సలు అది కాదు" అంటున్నారు. రెండూ ఒకేసారి నిజం కాలేవు అనిపిస్తుంది. నాకు మాత్రం ఇద్దరూ నిజమే చెప్తున్నారనిపిస్తుంది. ఒక్కొక్కరూ పాటలో ఒక్కో పొరని వింటున్నారు, అంతే. ఆ పొరలేంటో విప్పి చూస్తే ఈ తగువు సగం తేలిపోతుంది. మిగతా సగం రుచి సంగతి. అది ఎవరూ తేల్చలేరు.

ఊరు, బృందం, ఆల్బమ్ అన్నిటికీ ఒకటే పేరు

ముందు ఒక చిక్కు. పోర్టిస్‌హెడ్ అనేది ఊరు. ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ నగరానికి పడమర, సెవర్న్ నది సముద్రంలో కలిసే చోట ఉంటుంది. బృందాన్ని మొదలుపెట్టిన జెఫ్ బారో పెరిగింది అక్కడ. బృందానికి ఆ ఊరి పేరే పెట్టాడు. తర్వాత రెండో ఆల్బమ్‌కి కూడా అదే పేరు పెట్టారు. మాటల్లో ఇబ్బంది కాబట్టి దీన్ని "రెండోది" అనే అంటాను.

బారో 1991 ప్రాంతంలో బ్రిస్టల్‌లోని కోచ్ హౌస్ స్టూడియోలో టేప్ ఆపరేటర్. అంటే టేపులు మార్చడం, టీలు అందించడం లాంటి పని. ఆ స్టూడియోలో అప్పుడు మాసివ్ అటాక్ అనే బ్రిస్టల్ బృందం తొలి ఆల్బమ్ 'బ్లూ లైన్స్' తయారవుతోంది. బ్రిస్టల్ ఓడరేవు పట్నం. సెయింట్ పాల్స్ అనే పేటలో కరీబియన్ దీవుల నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు చాలా. వాళ్లతో పాటు పెద్ద పెద్ద బాక్సులు పేర్చి వీధుల్లో, పాత ఇళ్లలో రెగె, డబ్ అనే జమైకా సంగీతాలు వేసే సౌండ్ సిస్టమ్ సంస్కృతీ వచ్చింది. 80ల్లో దానికి అమెరికా హిప్‌హాప్ తోడైంది. హిప్‌హాప్ బీటు, డబ్‌లోని లోతైన బేసు, నిదానం, మధ్యలో ఒక గాయని గొంతు. ఈ కలయికకి 1994లో 'మిక్స్‌మ్యాగ్' పత్రిక ట్రిప్ హాప్ అని పేరు పెట్టింది. తమాషా ఏంటంటే ఆ మాట మొదట వాడింది కాలిఫోర్నియా డీజే షాడో సంగీతం గురించి. కానీ అది బ్రిస్టల్‌కే అతుక్కుపోయింది. ఆ పేరు పెట్టించుకున్నవాళ్లలో దాన్ని ఇష్టపడ్డవాళ్లు అరుదు. బారోకైతే మొదట్నుంచీ గిట్టదు.

గాయని బెత్ గిబ్బన్స్‌ని బారో కలిసింది సంగీత కచేరీలో కాదు. ఉద్యోగం లేనివాళ్లు సొంతంగా ఏదైనా మొదలుపెట్టుకుంటే ప్రభుత్వం కొంత భత్యం ఇచ్చే పథకం ఒకటి ఇంగ్లండ్‌లో ఉండేది. దాని తరగతిలో కలిశారు. తర్వాత జాజ్ గిటార్ వాయించే ఏడ్రియన్ అట్లీ వచ్చి చేరాడు. సౌండ్ ఇంజనీరు డేవ్ మెక్‌డొనాల్డ్ నాలుగో మనిషి. 1994 ఆగస్టులో మొదటి ఆల్బమ్ 'డమ్మీ' వచ్చేనాటికి బారోకి 22 ఏళ్లు, గిబ్బన్స్‌కి 29, అట్లీకి 37. హిప్‌హాప్ పిచ్చి ఉన్న కుర్రాడు, లోకానికి మొహం చాటేసే గాయని, పాత సినిమా సంగీతం ఒంటబట్టిన గిటారిస్టు. ఈ ముగ్గురినీ మనసులో పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఎత్తిన ముక్క, చేసిన ముక్క

మనవాళ్లకి "ట్యూన్ ఎక్కడ్నుంచి ఎత్తారు?" అనే ప్రశ్న కొత్త కాదు. కొత్త సినిమా పాట విడుదలైన పూటే ఎవరో ఒకరు దాని అసలుని పట్టుకొస్తారు. అయితే శాంప్లింగ్ అంటే బాణీని ఎత్తడం కాదు. పాత రికార్డులోంచి ఆ శబ్దాన్నే, ఆ వాయిద్యకారుడు ఆ రోజు ఆ గదిలో వాయించిన నాలుగు క్షణాల్నే కోసుకొచ్చి, గుండ్రంగా తిప్పి, దాని మీద కొత్త పాట కట్టడం. అనుమతి తీసుకోవాలి, రాబడిలో వాటా ఇవ్వాలి, చాలాసార్లు రచయితల పేర్లలో పాత మనిషి పేరు కూడా వేయాలి.

'డమ్మీ'లో బాగా పేరొచ్చిన రెండు పాటలు అలా కట్టినవే. 'సోర్ టైమ్స్'లో వినిపించే ఆ గూఢచారి సినిమా తరహా సంగీతం, మిషన్ ఇంపాజిబుల్ సంగీత దర్శకుడు లాలో షిఫ్రిన్ 60ల నాటి రికార్డులోది. 'గ్లోరీ బాక్స్'లో కింద ఒళ్లు విరుచుకుంటున్నట్టు మెల్లగా దిగే ఆ తంత్రీ వాయిద్యాలు ఐజక్ హేస్ 1971 నాటి పాటలోవి. ఇక్కడో చిన్న సంఘటన ఉంది, నా లెక్కలో చాలా పెద్దది. అదే బ్రిస్టల్ నుంచి ట్రికీ అనే కళాకారుడు 1995లో తన మొదటి ఆల్బమ్ తెచ్చాడు. అందులో ఒక పాట సరిగ్గా అదే ఐజక్ హేస్ ముక్క మీద కట్టింది. ఒకే ఊరు, ఏడాది లోపు, ఒకే ముక్క. రెండు పాటలూ గొప్పవే, అది వేరే మాట. కానీ మీరు బారో స్థానంలో ఉంటే ఏమనుకుంటారు? నా పాట గుర్తు అనుకున్నది నిజానికి నాది కాదు, ఎవడైనా దుకాణంలో కొనుక్కోగల రికార్డు అది.

దానికి తోడు 'డమ్మీ' వాళ్లు ఊహించనంత పైకి వెళ్లింది. బ్రిటన్‌లో ఏటా ఒక ఆల్బమ్‌కి ఇచ్చే మెర్క్యురీ బహుమతికి 1995లో ఒయాసిస్, పీజే హార్వీ, ట్రికీ లాంటివాళ్లు పోటీలో ఉండగా గెలిచింది. ఆ తర్వాత జరిగింది ఇంకా విచిత్రం. అంత దుఃఖం ఉన్న ఆల్బమ్ కాఫీ షాపుల్లో, బట్టల దుకాణాల్లో, స్నేహితుల్ని భోజనానికి పిలిచిన ఇళ్లలో వెనకాల మోగే సంగీతమైపోయింది. ఒక మనిషి గుండె కోసుకుని పాడితే, జనం దాని మీద వైన్ గ్లాసులు పెట్టుకున్నారు. 1996 కల్లా ఆడగొంతు, నిదానం బీటు, కాస్త పొగమంచు కలిపిన ఆల్బమ్‌లు వరసగా వచ్చాయి. కొన్ని మంచివే. కానీ ఆ శబ్దం ఇంట్లో సోఫాలాంటి వస్తువైపోయింది.

తెలుగులో ద్వితీయ విఘ్నం అంటాం. మొదటి సినిమా హిట్టయిన దర్శకుడి రెండో సినిమాకి ఇండస్ట్రీ మొత్తం ఆ మాటే జపిస్తుంది. మామూలుగా అది "మళ్లీ అంత బాగా చేయగలడా?" అన్న భయం. పోర్టిస్‌హెడ్‌కి వచ్చిన విఘ్నం వేరు. జనానికి నచ్చింది, కానీ జనం దాన్ని వాడుకున్న తీరు చేసినవాళ్లకి నచ్చలేదు. ఇక మళ్లీ అదే చేస్తే ఇంకో సోఫా. పూర్తిగా వేరేది చేస్తే మనం మనం కాదు.

కొత్త నగకి పాత మెరుగు

మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లలో వాళ్లు తీసుకున్న నిర్ణయం వింటే మొండితనం అనిపిస్తుంది: ఇతరుల రికార్డులు దాదాపుగా మానేద్దాం, మనకి కావాల్సిన పాత రికార్డులు మనమే తయారుచేద్దాం.

ఎలాగంటే, ముందు గిటారు, డ్రమ్ములు, ఇత్తడి బాకాలు, తంత్రులు మామూలుగా వాయించి రికార్డు చేస్తారు. ఆ శబ్దాన్ని నల్లటి వినైల్ రికార్డుగా ముద్రిస్తారు. ఆ రికార్డుని టర్న్‌టేబుల్ మీద పెట్టి, చేత్తో ముందుకీ వెనక్కీ లాగుతూ గీరి, తమకి కావాల్సిన ముక్కని మళ్లీ శాంప్లర్ అనే యంత్రంలోకి తీసుకుంటారు. దాని మీద గిబ్బన్స్ పాడుతుంది. ఈ పద్ధతి 'డమ్మీ'లోనే మొదలైంది. అప్పట్లో సొంతంగా ముద్రించిన రికార్డుల్ని కింద పడేసి వాటి మీద నడిచేవాళ్లట, అరిగినట్టు వినపడాలని. కానీ అక్కడ అది సగం. రెండోదానిలో ఆల్బమ్ మొత్తం దాదాపు ఇదే. 'ఓన్లీ యూ' లాంటి ఒకటీ అరా పాటల్లోనే బయటి ముక్కలున్నాయి. ఫార్‌సైడ్ అనే అమెరికన్ హిప్‌హాప్ బృందం గొంతు ఒకటి, కెన్ థోర్న్ సినిమా సంగీతం ఇంకొకటి.

మన నగల దుకాణాల్లో యాంటిక్ ఫినిష్ అని అమ్ముతారు చూడండి. నిన్న మొన్న చేసిన బంగారమే, కానీ అమ్మమ్మ పెట్టెలోంచి తీసినట్టు నల్లబడ్డ మెరుగు పెడతారు. చూసేవాళ్లకి తేడా తెలీదు. చేసే కంసాలికి మాత్రం అది పూర్తిగా వేరే పని. రెండో ఆల్బమ్ అచ్చంగా అదే. అందుకే "మళ్లీ అదే చేశారు" అన్నవాళ్లు అబద్ధం చెప్పట్లేదు. వాళ్ల చెవికి తగిలిన పైపొర, అంటే అరిగిన రికార్డు కరకర, బరువైన డ్రమ్ములు, పాత గూఢచారి సినిమా రీరికార్డింగ్ వాసన, నిజంగా అదే. కింద ఉన్న పని మాత్రం తలకిందులైంది. మొదటిదానిలో పాత సంగీతం నుంచి పాట పుట్టింది. ఇక్కడ లేని పాత సంగీతాన్ని ముందు పుట్టించి, దాన్నుంచి పాట తీశారు.

ఇది వినేవాళ్లకి తెలియాల్సిన అవసరం ఉందా? లేదనే వాదన నాకు తెలుసు. వంట ఎలా చేశారన్నది కాదు, కూర ఎలా ఉందన్నదే ముఖ్యం అంటారు. కానీ ఇక్కడ పద్ధతి రుచిలోకి దిగింది. ఐజక్ హేస్ ముక్కలో ఒక పెద్ద మనసు ఉంది, వెచ్చదనం ఉంది. అది అరువు తెచ్చుకున్న వెచ్చదనమే అయినా 'డమ్మీ'ని అది కాపాడింది. గిబ్బన్స్ ఎంత చీకట్లోకి వెళ్లినా కింద ఎవరో దుప్పటి పరిచినట్టుండేది. రెండోదానిలో ఆ దుప్పటి లాగేశారు. ప్రతి శబ్దాన్నీ తామే చేసుకున్నారు గనక ప్రతి శబ్దంలోనూ వాళ్ల టెన్షనే ఉంది. 'ఆల్ మైన్'లో బాకాలు మోగుతాయి, పాత బాండ్ సినిమా మొదలవుతున్నంత దర్జాగా. కానీ ఆ దర్జా మనల్ని పలకరించదు, మీదకొస్తుంది. ప్రేమపాటే అది. కాకపోతే ప్రేమించినవాడిని గదిలో పెట్టి తాళం వేస్తానన్నట్టుంటుంది.

ఆ గొంతుకి ఏమైంది?

"అస్సలు అది కాదు" అన్న రెండో వర్గం వింటున్న పొర ఇది. గొంతు.

'గ్లోరీ బాక్స్' విని ఇష్టపడి, సరే రెండోది విందాం అని మొదటి పాట 'కౌబాయ్స్' పెట్టినవాళ్ల మొహం చూడాలి. ఈవిడేనా ఆవిడ? గొంతు సన్నగా, ముక్కుతో పలికినట్టు, వెటకారంగా, పళ్ల మధ్య నుంచి వస్తుంది. బతిమాలే గొంతు పోయి శపించే గొంతు వచ్చింది. ఆల్బమ్ గుమ్మంలోనే ఈ పాట పెట్టడం యాదృచ్ఛికం అనుకోను. ఇక్కడ వైన్ గ్లాసులు పెట్టడానికి జాగా లేదు అని ముందే చెప్పినట్టుంది.

నాలుగో పాట 'హాఫ్ డే క్లోజింగ్' దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. 1968లో యునైటెడ్ స్టేట్స్ ఆఫ్ అమెరికా అనే పేరుతోనే ఒక అమెరికన్ బృందం ఒక వింత ఆల్బమ్ తెచ్చింది. ఎలక్ట్రానిక్ శబ్దాల్ని రాక్‌తో కలిపిన తొలి ప్రయత్నాల్లో అదొకటి. ఈ పాట ఆ ఆల్బమ్‌లోని మొదటి పాటకి నివాళి లాంటిది. ఇందులో గిబ్బన్స్ గొంతుని లెస్లీ స్పీకర్ గుండా పంపారు. అదేంటంటే, హామండ్ ఆర్గన్ కోసం చేసిన చెక్కపెట్టె, లోపల బాకా గిరగిరా తిరుగుతూ ఉంటుంది. చిన్నప్పుడు తిరిగే టేబుల్ ఫ్యాన్ ముందు మూతి పెట్టి "ఆ..." అని అరవని తెలుగు పిల్లలుండరు. గొంతు ముక్కలుముక్కలై వణుకుతుంది కదా, దాని పెద్దన్న ఈ లెస్లీ. పాట చివరికొచ్చేసరికి ఆమె గొంతు పైకి, ఇంకా పైకి వెళ్లి కేకలోకి తిరుగుతుంది. ఆ తిరిగే పెట్టె దాన్ని ఒక్క చోట నిలవనివ్వదు. మనిషి అరుస్తోందో యంత్రం అరుస్తోందో చెప్పలేం. హెడ్‌ఫోన్స్‌లో రాత్రిపూట వింటే నాకిప్పటికీ అసౌకర్యమే.

సరిగ్గా ఈ అసౌకర్యం దగ్గరే వినేవాళ్లు రెండుగా చీలతారు. గిబ్బన్స్ గొంతంటే 'డమ్మీ'లోని 'రోడ్స్' పాటలో వినిపించిన ఆ విరిగిపోయే మెత్తదనం అనుకునేవాళ్లకి ఇది ద్రోహం. అంత మంచి గొంతుని ఫిల్టర్లలో వేసి పాడుచేశారంటారు. నేను మొదట్లో ఆ పార్టీయే. తర్వాత మారాను. కారణం మూడో పాట 'అన్‌డినైడ్'. అందులో పెద్దగా ఏమీ లేదు, మెల్లని కీబోర్డు, పక్కన కూర్చుని చెప్తున్నట్టు గొంతు. అంటే మెత్తగా పాడటం ఆవిడ మర్చిపోలేదు. ఎక్కడ మెత్తగా ఉండాలో, ఎక్కడ గీరాలో ఎంచుకుంటోంది. మొదటి ఆల్బమ్‌లో ఒకే మనిషి మాట్లాడుతుంది. ఇక్కడ కనీసం నలుగురు ఆడవాళ్లు వినిపిస్తారు, అందరూ ఆమే.

"ట్యూన్ లేదు" అన్న ఫిర్యాదు మాత్రం నేను పూర్తిగా ఒప్పుకోను, పూర్తిగా కొట్టేయను. 'ఓవర్' విని రెండో రోజు ఆ గిటారు వరస బస్సులో మీ నోట్లో ఆడకపోతే నన్నడగండి. 'ఆల్ మైన్'కి బ్రిటన్ సింగిల్స్ జాబితాలో 8వ స్థానం ఊరికే రాలేదు. ఆల్బమ్ కూడా అక్కడ 2 దాకా, అమెరికాలో 21 దాకా వెళ్లింది, ఎవరూ పాడుకోలేని సంగీతానికి అది జరగదు. కానీ మధ్యలో బరువు ఎక్కువైన మాట నిజం. 'హమ్మింగ్' నుంచి 'సెవెన్ మంత్స్' దాకా మూడు పాటలు ఒకే చీకటి గదిలో ఒకే మూల కూర్చున్నట్టుంటాయి. విడివిడిగా వింటే ప్రతిదీ గట్టిదే. 'హమ్మింగ్' మొదట్లో తంత్రుల మీద దెయ్యాల సినిమాలా ఊగే ఆ ఊళ నాకు చాలా ఇష్టం. వరసగా వింటే మాత్రం నాక్కూడా కిటికీ తీయాలనిపిస్తుంది. తొమ్మిదో పాటగా 'ఓన్లీ యూ' వచ్చాక గాని గాలి ఆడదు. ఆ పాటకి క్రిస్ కన్నింగ్‌హామ్ తీసిన వీడియోలో మనుషుల్ని నీళ్లలో తేలుతుండగా చిత్రీకరించి, చీకటి సందులో గాలిలో తేలుతున్నట్టు కలిపారు. జుట్టు మెల్లగా లేస్తుంది, చొక్కా ఉబ్బుతుంది, నీళ్లు మాత్రం కనపడవు. ఈ ఆల్బమ్ వినడం ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే నేను ఆ వీడియో చూపిస్తాను.

కచేరీ వచ్చి లెక్క మార్చింది

ఈ అభిప్రాయాల కథలో ఒక మలుపు ఉంది. ఆల్బమ్ 1997 సెప్టెంబరు చివర్లో వచ్చింది. అంతకి రెండు నెలల ముందు, జులై 24న, న్యూయార్క్‌లోని రోజ్‌లాండ్ బాల్‌రూమ్‌లో వాళ్లు పెద్ద ఆర్కెస్ట్రాతో కచేరీ చేశారు. 1998లో అది లైవ్ ఆల్బమ్‌గా, వీడియోగా వచ్చింది.

రెండోది నచ్చనివాళ్లలో చాలామందిని ఒప్పించింది ఈ రికార్డింగే. ఎందుకో చూస్తే అర్థమవుతుంది. పాత మెరుగు పెట్టిన నగలన్నీ ఇక్కడ కొత్తగా, ఎదురుగా, మనుషుల చేతుల్లో కనిపిస్తాయి. తంత్రీ వాయిద్యకారులు వరసగా కూర్చుని వాయిస్తుంటారు. బారో టర్న్‌టేబుళ్ల మీద వంగి ఉంటాడు. గిబ్బన్స్ రెండు చేతులా మైకుని పట్టుకుని, వేళ్ల మధ్య సిగరెట్ కాలుతుండగా, కళ్లు మూసుకుని, ఎవరికీ కనపడకూడదన్నట్టు ముడుచుకుని పాడుతుంది. జనం వైపు చూడదు. పాట అయ్యాక వాళ్లు అరిస్తే ఉలిక్కిపడినట్టు నవ్వుతుంది. స్టూడియోలో చల్లగా, ఎవరో పైనుంచి తీగలు లాగి ఆడిస్తున్నట్టు అనిపించిన పాటలు ఇక్కడ ఒక మనిషి ఒంట్లోంచి వస్తున్నట్టుంటాయి. "ఆల్బమ్ కన్నా కచేరీయే బాగుంది" అనేవాళ్లు అందుకే అంతమంది.

నా మాట అడిగితే, కచేరీ గొప్పదే, కానీ అది వేరే వస్తువు. అక్కడ దుప్పటి మళ్లీ పరిచారు. జనం చప్పట్లు, ఆర్కెస్ట్రా వెచ్చదనం తోడున్నాయి. స్టూడియో ఆల్బమ్ ఆ తోడు వద్దనుకుని చేసింది. ఒంటరితనం మీద చేసిన ఆల్బమ్‌ని వేలమందితో కలిసి వింటే బాగుంటుంది. అసలు రుచి తెలియాలంటే మాత్రం ఒంటరిగానే వినాలి.

ఇక్కడే బ్రిస్టల్ అన్నగారి సంగతి కూడా చెప్పుకోవాలి. మాసివ్ అటాక్ రెండో ఆల్బమ్ 'ప్రొటెక్షన్' 1994 సెప్టెంబరులో, అంటే 'డమ్మీ' వచ్చిన నెలకే వచ్చింది. వాళ్ల ద్వితీయ విఘ్నం దీనికి సరిగ్గా ఎదురు. తొలి ఆల్బమ్ కన్నా మెత్తబడ్డారు, ట్రేసీ థార్న్ అనే గాయని చేత ఓదార్పులాంటి పాటలు పాడించారు. మరీ సాఫీగా ఉందని దాని మీద ఫిర్యాదు. తర్వాత 1998లో 'మెజ్జనైన్'తో వాళ్లూ చీకట్లోకే దిగారు. ఈసారి జనం నెత్తిన పెట్టుకున్నారు. అదే పని ఏడాది ముందు పోర్టిస్‌హెడ్ చేస్తే ఎందుకు సణిగారో నాకిప్పటికీ వింతే. బహుశా 'మెజ్జనైన్' చీకట్లో మన చెయ్యి పట్టుకునే బేసు ఉంది. పోర్టిస్‌హెడ్ రెండోదానిలో చెయ్యి వదిలేస్తారు.

చిన్నోడు పుట్టాక

పోర్టిస్‌హెడ్ మూడో ఆల్బమ్ రావడానికి 11 ఏళ్లు పట్టింది. 2008లో వచ్చింది, పేరు కూడా 'థర్డ్' అనే. అందులో కరకర లేదు, గీరడం లేదు, గూఢచారి సినిమా లేదు. 'మెషిన్ గన్' అనే పాటలో డ్రమ్ యంత్రం పేరుకి తగ్గట్టే పేలుతుంది, దాని ముందు ఆ గొంతు ఒంటరిగా నిలబడుతుంది. మొదటి ఆల్బమ్ పోలికలు ఒక్కటీ మిగల్లేదు.

దాంతో రెండోదాని మీద అభిప్రాయాలు కూడా కదిలాయి. మూడోది రాకముందు ఇది "మొదటిదాని నకలు". వచ్చాక వెనక్కి తిరిగి చూస్తే ఇది వంతెనలా కనపడింది. 'థర్డ్'లోని కాఠిన్యం 'కౌబాయ్స్'లో, 'హాఫ్ డే క్లోజింగ్'లో ముందే మొలకెత్తి ఉంది. మన ఇళ్లలో పెద్దోడికి పేరు, చిన్నోడికి గారాబం, నడిపోడికి ఇద్దరి పాత బట్టలు అంటారు. ఈ ఆల్బమ్‌ది కూడా అదే బతుకు. పెద్దోడి పోలికలున్నాయని తిట్లు తిన్నాడు. చిన్నోడి పోలికలు కూడా వాడివేనని ఆలస్యంగా తెలిసింది. "అసలైంది ఇదే" అన్న మూడో వర్గం పెరిగింది 2008 తర్వాతేనని నా అంచనా. 2002లో గిబ్బన్స్ విడిగా రస్టిన్ మ్యాన్ అనే సంగీతకారుడితో చేసిన ఆల్బమ్, 2024లో వచ్చిన ఆమె సొంత ఆల్బమ్ విన్నవాళ్లు ఈ గొంతులన్నిటికీ మొదటి అచ్చు ఎక్కడుందో వెతుక్కుంటూ ఇక్కడికే వస్తుంటారు.

ఇప్పుడు వినబోయేవాళ్లకి ఒక్క మాట. దీన్ని ఫోను స్పీకర్‌లో పెట్టకండి. కింద బేసు పోతుంది, పైన కరకర మాత్రమే మిగులుతుంది, మా సీనియర్‌లాగే తుడవాలనిపిస్తుంది. పని చేసుకుంటూ వెనకాల పెట్టకండి. అలా పెట్టనివ్వకూడదనే కదా అంత కష్టపడి చేశారు. పదకొండు పాటలు, యాభై నిమిషాలు. మధ్యలో కిటికీ తీయాలనిపిస్తే తీయండి, తప్పు లేదు.

చివరి పాట 'వెస్టర్న్ ఐస్' దాకా ఉండండి. పియానో మీద మెల్లగా సాగి, ముగిసే వేళకి ఎక్కడో దూరంగా పాత రికార్డు ఒకటి మోగుతుంది. పాతకాలపు బార్లలో పాడే గాయకుడి గొంతు, కాస్త తాగినట్టు, కాస్త అలసినట్టు. ఆల్బమ్ అట్ట మీద దానికి మర్యాదగా పేరు కూడా వేశారు: షాన్ అట్కిన్స్ ఎక్స్‌పీరియెన్స్ అనే బృందం, 'హుకర్స్ అండ్ జిన్' అనే పాట. దాన్ని చదివి ఆ పాత రికార్డు కోసం వెతుక్కున్నవాళ్లున్నారు. కానీ అలాంటి బృందం లేదు, అలాంటి రికార్డూ లేదు. ఆ పాటని పోర్టిస్‌హెడ్ వాళ్లే పాడించి, వాళ్లే అరగదీసి, వాళ్లే శాంపిల్ చేసుకుని, వాళ్లే దానికి పాత పేరు పెట్టారు.